ఉప్పు వెయ్యని నిమ్మకాయ నీళ్ళు

మా ఊరి నీళ్ళలోనే ఉప్పు ఉండేది. అందుకని మా ఇంట్లో నిమ్మకాయ నీళ్ళలో ఉప్పు వేసేవారు కాదు. ఈ సంగతి నాకు కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే తెలిసింది.

నేను పుట్టింది కొత్తపేట దగ్గర, కాలవ గట్టు మీది ఊళ్ళో. అక్కడి నీళ్ళు తియ్యగా ఉంటాయి. మా అమ్మ నిమ్మకాయ నీళ్ళు కలిపితే చివర్లో రెండు వేళ్ళతో ఉప్పు తీసి చల్లేది. ఆ కాస్త ఉప్పు పడితేనే తీపి తీపిగా, పులుపు పులుపుగా తెలుస్తాయని అనేది. నన్ను ఇచ్చింది మాత్రం ఉప్పలగుప్తం అవతల, సముద్రపు గాలి తగిలే ఊరికి. ఒక మధ్యాహ్నం మామయ్యగారు పొలం నుంచి ఎండలో వస్తే, మా అమ్మ చేసినట్టే కలిపి ఇచ్చాను. ఆయన గ్లాసంతా తాగారు. మూతి తుడుచుకున్నారు.

“ఆయ్, బాగుందమ్మా,” అన్నారు. “ఇందులో కాస్త అన్నం కలిపేస్తే పులిహోర అయిపోద్ది.”

గుమ్మంలో ఉన్న అత్తయ్యగారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు. తరవాత ఆవిడే నా పక్కకి వచ్చి, “మన నుయ్యే వేసేసుకుంటాదమ్మాయ్ ఉప్పు. నువ్వు వెయ్యక్కర్లేదు,” అని చెప్పారు. ఆ రోజు నుంచి నేను వెయ్యలేదు. కొన్నేళ్ళకి నా చేతికి ఉప్పు అలవాటే తప్పిపోయింది.

పుట్టింటి నుంచి ఒక నిమ్మ మొక్క తెచ్చుకుని పెరట్లో పెట్టాను. ఈ ఉప్పు నేలలో బతకదన్నారు. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. బతికింది. కాయలు చిన్నవే, తొక్క మాత్రం పల్చన, రసం ఎక్కువ. నిమ్మకాయని కొయ్యడానికి ముందు గచ్చు మీద పెట్టి అరచేత్తో ఒత్తుతూ దొర్లించాలి. లోపల మెత్తబడ్డాక కోస్తే చెక్కని ఇలా పట్టుకోగానే రసం వచ్చేస్తుంది. పంచదార ముందు నీళ్ళలో పూర్తిగా కరగాలి, రసం ఆ తరవాతే. గింజ నలిగితే చేదు. చెక్కని పిప్పి అయ్యేదాకా పిండినా చేదే. ఇంతకంటే అందులో విద్యేమీ లేదు. కానీ ఆ కుండలోంచి మొదటి గ్లాసు ముంచే ముందు వచ్చే వాసన ఉంటుంది చూడండి, దానికోసం ఎంత ఎండలోనైనా పెరట్లోకి వెళ్ళి కాయలు కోసుకురావచ్చు.

మేము ఇద్దరం ఆడపిల్లలం. అక్కయ్యని రామచంద్రపురం ఇచ్చారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్ళేవారు. ఒక పూట ఉండి వచ్చేసేవాళ్ళం. బయలుదేరేటప్పుడు అక్కయ్య గుమ్మం దాకా వచ్చి, “మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారు మరిదిగారూ?” అని మా ఆయన్ని అడిగేది. ఆయన చెప్పులు వేసుకుంటూ, “ఆయ్, చూద్దామండి,” అనేవారు. నేను ఇద్దరి మధ్యా సంచీ పట్టుకుని నిలబడేదాన్ని.

తొంభైల్లో మా వైపు వరి పొలాలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి. మా ఆయన కూడా ఒక చెరువులో వాటా తీసుకున్నారు. ఇక ఆ మనిషి గట్టు దిగితే ఒట్టు. మేత వెయ్యాలంటారు, నీళ్ళు మార్చాలంటారు, మబ్బు పడితే అసలే కదలరు. అదే రోజుల్లో అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు వచ్చి బస్సు మెట్లు ఎక్కలేకపోయింది. తను రాలేదు, నన్ను తీసుకెళ్ళేవాళ్ళు లేరు. అలా రెండేళ్ళు మేము ఒకరినొకరం చూసుకోలేదు.

ఒంటరిగా వెళ్ళచ్చు కదా అంటారు. ముక్తేశ్వరం రేవులో పంటు మీద గోదావరి దాటితే దగ్గర దారే, కానీ పంటు ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. అమలాపురం బస్టాండులో బస్సెక్కి చుట్టూ తిరిగి వెళ్ళాలి. నాకు అక్షరం ముక్క రాదు. అడిగితే ఒకరు అటు చూపించేవారు, ఒకరు ఇటు చూపించేవారు. పైగా ప్రతివాళ్ళూ, “కూడా ఎవరూ రాలేదాండి?” అనేవారు. ఆ మాటకి సిగ్గేసి ఒకసారి బస్టాండు దాకా వెళ్ళి కూడా తిరిగి వచ్చేశాను.

అప్పుడే ఊరూరా పెద్దవాళ్ళకి చదువు చెప్పే కేంద్రాలు పెట్టారు. మా ఇంటి అరుగు వెడల్పుగా ఉంటుంది, కొబ్బరి చెట్ల నీడ పడుతుంది. అందుకని నల్లబల్ల మా గోడకే కొట్టారు. చదువు చెప్పడానికి మా ఊరి పేట నుంచి ఇంటర్ పాసైన అమ్మాయి వచ్చేది. నా కూతురి వయసు ఉంటుంది. మమ్మల్నందరినీ పిన్నిగారూ, అత్తగారూ అనేది. మేము మాత్రం ఆ అమ్మాయిని టీచరుగారూ అనేవాళ్ళం. మొదటి రోజు అలా పిలిస్తే సిగ్గుపడి సుద్దముక్క కింద పడేసుకుంది.

అందరి పనులూ అయ్యాక, మూడింటి వేళ కూర్చునేవాళ్ళం. ర నేర్చుకున్నాను. ర కి దీర్ఘమిస్తే రా అని నేర్చుకున్నాను. రామచంద్రపురానికి మొదటి అక్షరం రా అని నాకు నేనే పలుక్కుని కనిపెట్టాను. ఇంకేం కావాలి? మర్నాడు అత్తయ్యగారికి చెప్పి, నాలుగు నిమ్మకాయలు సంచీలో వేసుకుని, దారిలో వాంతి రాకుండా ఒకటి చేతిలో పట్టుకుని అమలాపురం వెళ్ళాను. బస్టాండులో ఒక బస్సు నుదుటి మీద పెద్ద రా కనిపించింది. ఎవరినీ అడగలేదు. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

కండక్టరు వచ్చాడు. “రామచంద్రపురం ఒకటి,” అన్నాను, చాలా ధీమాగా.

“ఇది రాజోలు బండండీ.”

“రా అని ఉంది కదా బాబూ?”

బస్సంతా నవ్వింది. కండక్టరు మాత్రం నవ్వలేదు. “మన అమలాపురంలో బళ్ళన్నీ ‘రా’ అనే పిలుస్తాయండీ,” అన్నాడు. “రాజోలు, రావులపాలెం, రాజమండ్రి, రామచంద్రపురం. పిలిచింది ఎవరో చూసుకుని ఎక్కాలి మరి.”

అంబాజీపేటలో దిగిపోయాను. కొబ్బరికాయల రాసుల పక్కన కూర్చుని తిరుగు బస్సు కోసం చూశాను. దీపాల వేళకి ఇంటికి చేరితే అత్తయ్యగారు అరుగు మీదే ఉన్నారు.

“ఏమ్మాయ్, మీ అక్క ఊరు అంత దగ్గరికి జరిగిందా?” అన్నారు.

నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ రోజు ఒకటి గట్టిగా అనుకున్నాను. రా తరవాతి అక్షరాలు కూడా నాకు కావాలి. అవి వచ్చేదాకా ఈ చదువు వదలకూడదు.

నేను వదలలేదు గానీ, చదువే నన్ను వదిలిపోయేలా కనిపించింది. ఎండలు ముదిరాయి. మూడింటికి అరుగు వేడెక్కిపోయేది. పొద్దున్నంతా ఒళ్ళు వంచిన ఆడవాళ్ళు ఆ వేళకి కునుకు తీస్తారు గాని పలక పడతారా? ఒకరోజు ఆరుగురు వచ్చారు, ఒకరోజు నలుగురే. టీచరు ముఖం చిన్నబోయింది.

“పదిమంది ఉండకపోతే కేంద్రం పక్కూరికి మార్చేస్తారటండి పిన్నిగారూ. నెలాఖరుకి ఆఫీసు నుంచి చూడ్డానికి వస్తారట,” అంది.

పక్కూరంటే మురుగు కాలవ అవతల. రోజూ అంత దూరం వెళ్ళి చదువుకోవడం నాకు కుదిరే పని కాదు. ఆ రాత్రి పెద్ద కుండ కడిగి, తడి గోనెపట్టా చుట్టి, నీళ్ళు పోసి గాలి తగిలే చోట పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం ఇంటింటికీ వెళ్ళి ఒకటే మాట చెప్పాను. “చదువుకి కాదండీ, నిమ్మకాయ నీళ్ళు తాగి పోదురుగాని రండి.”

వచ్చారు. నిమ్మకాయలు ఒత్తేవాళ్ళు ఒత్తారు, పిండేవాళ్ళు పిండారు, పల్చటి గుడ్డలో వడకట్టేవాళ్ళు వడకట్టారు. అరుగంతా పెళ్ళివారిల్లులా అయింది. అత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని, “చదువుకొచ్చేరా, నీళ్ళకొచ్చేరా?” అని అందరినీ ఆట పట్టించారు.

“రెండిటికీనండీ,” అంది ఎదురింటి వదిన. ఆవిడ మాటకి మాట అప్పచెప్పందే ఊరుకోదు. “ఒకటి గొంతులోకి, ఒకటి బుర్రలోకి. ఏది ముందు దిగితే అది. మీరెందుకొచ్చేరండి మరి?”

“నేను నీళ్ళకే వచ్చేను,” అని అత్తయ్యగారు గ్లాసు చాపారు.

గ్లాసులు ఖాళీ అయ్యాక టీచరు సుద్దముక్క తీసింది. “ఇప్పుడు తాగింది ఏంటో అది రాయండి,” అంది. బల్ల మీద ‘ని’ రాసింది. పక్కన ‘మ’ రాసింది. ఆ మ కింద ఇంకో చిన్న మ తగిలించి, “ఇది ఒత్తండి,” అంది.

“ఒత్తంటే ఏంటండి టీచరుగారూ?” అని ఎదురింటి వదిన అడిగింది.

“కింద అక్షరం ఉంటే పైదాన్ని ఒత్తి పలకాలండి. ని-మ్మ.”

“ఓస్, అదా! కోసేముందు నిమ్మకాయని గచ్చు మీద ఒత్తినట్టన్నమాట.”

టీచరు ఒక్క నిమిషం ఆలోచించి నవ్వేసింది. “ఆయ్, అంతేనండి. ఒత్తకపోతే నిమ అవుతుంది. అందులో రసం ఉండదు.”

అంతవరకూ మాకు కొరుకుడు పడని ఒత్తులు ఆ రోజు నుంచి మా చేతి కిందకి వచ్చాయి. రోజూ కుండ నింపాను. రోజూ ఒక మాట. నిమ్మకాయ నీళ్ళలో ఎటు చూసినా ఒత్తులే. నిమ్మ, చెక్క, తొక్క, గుడ్డ, నీళ్ళు. మేము వెయ్యని ఉప్పుకి కూడా ఒత్తే. పంచదారకి మాత్రం లేదు. “అందుకే అది ఊరికే కరిగిపోతాది,” అని తేల్చేసింది ఎదురింటి వదిన. మొదటి వారం పంచదార నాది. తరవాత ఎవరికి వాళ్ళే కొంగు చివర గుప్పెడు మూట కట్టుకుని రావడం మొదలుపెట్టారు. నిమ్మకాయలు మా చెట్టువి సరిపోకపోతే ఎవరో ఒకరు ఎక్కడి నుంచో తెచ్చేవారు.

నాకు మాత్రం ఒత్తు దగ్గర కాదు, మ దగ్గరే వచ్చింది చిక్కు. నిమ్మ అనుకుని రాస్తే, టీచరు నా పలక చూసి, “ఇది నివ్వ అయిందండి పిన్నిగారూ. తోక మర్చిపోయేరు,” అనేది. “తోక లేకపోతే అది వ.”

“నివ్వకాయ నీళ్ళు బాగున్నాయి వదినా,” అని ఎదురింటి వదిన మళ్ళీ గ్లాసు చాపేది.

నవ్వుతూనే నాకు ఒక సంగతి తట్టింది. టీచరుని పక్కకి పిలిచి, రావులపాలెం, రామచంద్రపురం ఒకదాని కింద ఒకటి రాయించుకున్నాను. రెండిటికీ ముందు రా. రెండో అక్షరంలో ఒకదానికి పక్కన తోక ఉంది, ఒకదానికి తోక లేదు, కింద కొమ్ము ఉంది. మా అక్కయ్య ఇంటికీ నాకూ అడ్డం ఆ తోకే. ఆ తరవాత అన్నం ఉడికేటప్పుడు బూడిదలో, ముగ్గు వేసేటప్పుడు వాకిట్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిమ్మ అని రాసి తోకలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

నెలాఖరు వచ్చింది. చూడ్డానికి వచ్చే ఆయన స్కూటరు మీద ఎండలో వస్తూ కనిపించేసరికి మేము తొమ్మిదిమందిమే ఉన్నాం. రోజూ పన్నెండుమందిమి కూర్చునే అరుగది. ఆ రోజే ఒకావిడ కూతురి పురిటికి వెళ్ళింది, మిగతా ఇద్దరు కాట్రేనికోనలో పెళ్ళికి వెళ్ళారు. టీచరు మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టింది. నాకు ఇంకేమీ తోచక, ఆయన కుర్చీలో కూర్చోగానే పెద్ద గ్లాసు నింపి ఇచ్చాను. తాగేంతసేపైనా లెక్క పెట్టడు కదా అని.

ఆయన ఒక్క గుక్కలో సగం తాగారు. “అబ్బ, బాగుందమ్మా. ఉప్పు సరిగ్గా పడింది,” అన్నారు.

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎదురింటి వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన గ్లాసు కింద పెట్టి, కళ్ళతో ఒక చివర నుంచి ఇంకో చివరకి చూసుకుంటూ వెళ్ళారు.

“తొమ్మిదిమందే ఉన్నారేంటండీ టీచరుగారూ?”

టీచరు నోరు విప్పే లోపలే గుమ్మం దగ్గర గ్లాసు చప్పుడైంది. “తొమ్మిదేంటండి?” అన్నారు అత్తయ్యగారు. “నేనో మనిషిని కానా?”

“మీరు కూడా చదువుకుంటున్నారా అండి?”

“రోజూ ఇక్కడే కూర్చుంటున్నానండి. ఈళ్ళనడగండి.”

అది అబద్ధం కాదు. ఆయన నవ్వి, “అయితే ఒక్క మాట రాసి చూపించండి,” అన్నారు. అత్తయ్యగారు గుమ్మం దిగి వచ్చి, నా పక్కన చతికిలబడి, నా ఒళ్ళో పలక లాక్కున్నారు. బలపం పిడికిట్లో పట్టుకుని, పచ్చడి నూరినంత బలంగా రాయడం మొదలుపెట్టారు. ని. మ. దాని కింద ఒత్తు. రెండిటికీ తోకలు. నా తోకల కంటే ఆవిడవే పొడుగ్గా ఉన్నాయి.

ఆయన పదిమంది అని రాసుకుని, ఇంకో గ్లాసు తాగి వెళ్ళిపోయారు. స్కూటరు మలుపు తిరిగింది. తరవాత ఒక్కసారిగా అరుగంతా గోల.

“ఎప్పుడు నేర్చేసుకున్నారండి?” అని ఎదురింటి వదిన.

“రోజూ గ్లాసుడు నీళ్ళు తాగి ఊరికే కూర్చుంటానేంటి?” అన్నారు అత్తయ్యగారు. నా వైపు తిరిగి, “ఇంక కేంద్రం ఎక్కడికీ పోదు గాని, నువ్వు మీ అక్క ఊరు రాయడం కానియ్యమ్మాయ్. ఈసారి అంబాజీపేటలో దిగితే నేనూరుకోను,” అన్నారు.

వానలు మొదలైనా చదువు మా అరుగు మీదే సాగింది. చ వచ్చింది. సున్న వచ్చింది. ద కింద ర ఒత్తు ఇచ్చి, నాలుక మడిచి ‘ద్ర’ అనడం వచ్చింది. దసరా వెళ్ళాక ఒక పొద్దున్న మళ్ళీ సంచీలో నిమ్మకాయలు వేసుకుని బయలుదేరాను. బస్టాండులో మొదట వచ్చిన బస్సు మీద రా ఉంది. పక్క అక్షరానికి తోక లేదు, కొమ్ము ఉంది. దాన్ని పోనిచ్చాను. ఇంకోటి వచ్చింది, రా పక్కన జ. దాన్నీ పోనిచ్చాను. మూడోదాని బోర్డు మీద దుమ్ము పట్టి ఉంది. దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాను. రా. మ, తోకతో సహా. చ. సున్న. ద కింద ఒత్తు. చివరి దాకా చదివే ఎక్కాను.

“రామచంద్రపురం ఒకటి,” అంటే కండక్టరు టిక్కెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు ఎంత బాగుందో చెప్పలేను. దారి పొడవునా చేతిలో నిమ్మకాయ వాసన చూడ్డం కూడా మర్చిపోయి, కొట్ల మీద బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను. సగం చదివేసరికి కొట్టు వెనక్కి వెళ్ళిపోయేది. మిగతా సగం నేనే ఊహించుకునేదాన్ని.

అక్కయ్య నన్ను చూసి నా వెనక్కి చూసింది. “మరిదిగారేరే?”

“చెరువు మీద ఉన్నారు.”

“మరి ఎవరితో వచ్చేవు?”

“బస్సుతో,” అన్నాను.

తను గోడ పట్టుకుని మెల్లిగా లేచి వచ్చి నా భుజం తడిమింది. నమ్మకం కుదిరినట్టు లేదు. నన్ను కూర్చోబెడుతుంటే నేనే తనని కూర్చోబెట్టి, నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. మా చెట్టు కాయలు గచ్చు మీద ఒత్తి, కోసి, కలిపి రెండు గ్లాసులు తెచ్చాను. అక్కయ్య ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసులోకి చూసింది.

“ఉప్పేదే?”

నేనూ తాగి చూశాను. చప్పగా ఉన్నాయి. తీపీ పులుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏదీ తెలియడంలేదు. అక్కడివి కాలవ నీళ్ళు. నా చేతులు మా ఊరి నీళ్ళకి కలిపేశాయి.

“అమ్మ చేతి నీళ్ళే మర్చిపోయేవటే,” అని అక్కయ్య నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. ఆ నవ్వులోనే లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి, రెండు వేళ్ళతో తన గ్లాసులో చల్లాను, నా గ్లాసులో చల్లాను. మా అమ్మ ఇల్లంతా ఆ గ్లాసులోకి వచ్చేసింది. అక్కయ్య చివరి చుక్క దాకా తాగి, “ఇంకోటి కలుపు,” అంది.

సాయంత్రం బస్సు వేళకి తను ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

“మళ్ళీ ఎప్పుడొస్తావే?” అంది.

అన్నేళ్ళుగా ఆ మాట నా పక్కనున్న మనిషిని అడిగేది. ఆ రోజు నన్ను అడిగింది.

“సంచీలో కాయలన్నీ ఇక్కడే పెట్టేను,” అన్నాను. “అయిపోయేలోపు వస్తాను. ఈసారి ఉప్పు గుర్తుపెట్టుకుంటాలే.”